వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా మీ పేరుంటే: ప్రొబేట్ విషయంలో మారిందేమిటి, మారనిదేమిటి

మా పెదనాన్న పోయిన పదమూడో రోజు పెద్దమ్మ బీరువా తాళం తీసి, చీరల మడతల కింద నుంచి ఒక బ్రౌన్ కవరు తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. లోపల నాలుగు తెల్లకాగితాలు. స్టాంపు లేదు, సబ్ రిజిస్ట్రారు ముద్ర లేదు. ప్రతి కాగితం కింద పెదనాన్న సంతకం, చివర ఇద్దరు సాక్షుల సంతకాలు. మధ్యలో ఒక వాక్యం: "ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా తమ్ముడికి అప్పగిస్తున్నాను." నాన్న ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. మర్నాడు బ్యాంకుకి వెళితే మేనేజరు అడిగిన మొదటి మాట, "ప్రొబేట్ తెచ్చారా అండీ?" ఆ మాట నాన్న వినడం అదే మొదటిసారి.

అది జరిగి చాలా ఏళ్లయింది. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు భారత వారసత్వ చట్టం నుంచి 213వ సెక్షన్‌ని తీసేసింది. అప్పట్నుంచి "ప్రొబేట్ రద్దయింది, వీలునామా ఉంటే చాలు" అనే మాట వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది. అందులో కొంత నిజం ఉంది. మిగతాది నమ్మి కూర్చుంటే, ఆస్తి పంచాల్సిన మనిషి ఇరుక్కుపోతాడు. అందుకే మొదటి నుంచి చూద్దాం.

ముందు నాలుగు మాటలు

తను పోయాక తన ఆస్తి ఎవరికి ఎలా చెందాలో మనిషి బతికుండగా రాసుకునేది వీలునామా. రాసిన మనిషి ఉన్నన్నాళ్లూ దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చింపేయవచ్చు.

దాన్ని అమలు చేయమని ఆయన పేరు పెట్టిన మనిషి ఎగ్జిక్యూటర్. దస్తావేజు లేఖరులు కొందరు "కార్యనిర్వాహకుడు" అని రాస్తారు. ఎగ్జిక్యూటర్ వారసుడై ఉండాల్సిన పని లేదు. అలాగని వారసుడు కాకూడదనీ లేదు. ఇష్టం లేకపోతే ఆ బాధ్యత వద్దనుకోవచ్చు కూడా.

వీలునామా నిజమైనదే, సక్రమంగా రాసిందే అని కోర్టు తేల్చి, దాని నకలు మీద ముద్ర వేసి, ఎగ్జిక్యూటర్‌కి అధికారం ఇస్తూ జారీ చేసేది ప్రొబేట్. ఇది ఎగ్జిక్యూటర్‌కి మాత్రమే ఇస్తారు. వీలునామాలో ఎవరి పేరూ పెట్టకపోతే, పెట్టిన మనిషి ముందే చనిపోతే, దాదాపు అదే పని చేసే ఇంకో ఉత్తర్వు ఉంది: లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్.

వీటికి తోడు మన ఊళ్లలో ఇంకో రెండు కాగితాలు కలిసిపోతుంటాయి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఇంట్లో ఎవరెవరున్నారో చెబుతుందే గానీ ఆస్తి ఎవరిదో తేల్చదు. కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ డిపాజిట్లు, బాండ్లు, రావాల్సిన బాకీల వరకే పనికొస్తుంది. ఇంటికీ పొలానికీ అది చెల్లదు.

213వ సెక్షన్ ఎవరికి అడ్డొచ్చింది

ఈ కథ 1870లో మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి హిందువుల వీలునామాలకు బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం పెట్టింది. కలకత్తా ఉన్న బెంగాల్ ప్రాంతానికీ, మద్రాసు, బొంబాయి నగరాలకీ అది వర్తించింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ఆ గీతలనే కొనసాగించింది. ఆ హద్దుల్లో రాసిన వీలునామా అయినా, బయట రాసినా ఆ హద్దుల్లోని స్థిరాస్తి గురించిన వీలునామా అయినా, ప్రొబేట్ లేకుండా దాని కింద హక్కుని కోర్టులో నిలబెట్టుకోవడం కుదరదని 213వ సెక్షన్ చెప్పింది. హిందువులతో పాటు బౌద్ధులు, సిక్కులు, జైనులకు ఈ నియమం ఉండేది, 1962 తర్వాత పార్సీలకూ వచ్చింది. ముస్లింలకు లేదు. భారతీయ క్రైస్తవులకు 2002 సవరణతో పోయింది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. నెల్లూరు, గుంటూరు, విశాఖ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి మనకీ ప్రొబేట్ తప్పనిసరి అని అనుకుంటారు. కాదు. ఆ సెక్షన్ పట్టించుకున్నది మద్రాసు హైకోర్టు నేరుగా సివిల్ దావాలు వినే నగర హద్దులనే. గుంటూరులో ఉండి, గుంటూరు ఆస్తి గురించి వీలునామా రాసిన హిందువుకి ప్రొబేట్ ఎప్పుడూ తప్పనిసరి కాదు. హైదరాబాదులోనూ అంతే. అదే గుంటూరాయనకి చెన్నై టీ నగర్‌లో ఇల్లుంటే మాత్రం తప్పేది కాదు. మన వాళ్లలో పాత తరం మద్రాసులో ఇళ్లు కొనుక్కున్నవారు ఎందరో. 2025 మార్పుతో నిజంగా ఊరట దక్కింది అలాంటి కుటుంబాలకే, ముంబైలో స్థిరపడ్డ తెలుగువారికే.

అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న ఆస్తుల వరకు చూస్తే మారింది దాదాపు ఏమీ లేదు.

తీసేయనిది: రుజువు

వీలునామా చెల్లాలంటే రాసినాయన సంతకం గానీ వేలిముద్ర గానీ ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన సంతకం పెట్టడం వాళ్లు చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన వాళ్లతో చెప్పి ఉండాలి. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఆయన ఎదుట సంతకం చేయాలి. ఇద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండాలని లేదు. ఎగ్జిక్యూటర్‌గా పేరున్న మనిషి సాక్షి సంతకం పెట్టినా చెల్లుతుంది. ఇదంతా అదే వారసత్వ చట్టం 63, 68 సెక్షన్లలో ఉంది, వీటినెవరూ ముట్టుకోలేదు.

రేపు ఎవరైనా ఆ వీలునామా దొంగదంటే, సాక్షుల్లో ఒక్కరైనా బతికుండి, కోర్టుకి రాగలిగితే, ఆ ఒక్కరిని పిలిచి చెప్పించాల్సిందే. సాక్షి లేకుండా కోర్టు ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోదు. ఇద్దరూ పోయి ఉంటే వాళ్ల చేతిరాతని గుర్తుపట్టేవాళ్లని వెతుక్కోవాలి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు ఇదే. కాగితం బీరువాలో భద్రంగా ఉంటుంది, సాక్షులు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోతారు.

రిజిస్టర్ చేయించిన వీలునామాకి ఈ బాధ తప్పుతుందా? తప్పదు. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ కూడా లేదు. చేయిస్తే కాగితం పోదు, మార్చేశారన్న అనుమానం తగ్గుతుంది, రాసినాయన స్వయంగా సబ్ రిజిస్ట్రారు ముందుకు వచ్చాడని తెలుస్తుంది. అయినా సాక్షి రుజువు కావలసిందే. అనుమానాలుంటే వాటిని తీర్చే భారం వీలునామాని ముందుకు తెచ్చినవారిదే అని సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పిన మాటనే కోర్టులు ఇప్పటికీ పట్టుకుంటాయి. వణికే సంతకం, కారణం చెప్పకుండా భార్యనో కూతురినో పూర్తిగా వదిలేయడం, లాభం పొందే మనిషే దగ్గరుండి రాయించడం, ఇలాంటివే ఆ అనుమానాలు.

ఎగ్జిక్యూటర్ అసలు పని: పంచేముందు కట్టడం

ఆస్తి పంచడమే ఎగ్జిక్యూటర్ పని అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చట్టం అనుకునేది వేరు. పోయినాయన ఆస్తి, ఎగ్జిక్యూటర్ హోదాలో, తాత్కాలికంగా ఆ మనిషి చేతికి వస్తుంది. ఆయన ముందు ఆస్తిని పోగేయాలి, తర్వాత బాకీలు కట్టాలి, మిగిలిందే పంచాలి. ఆ వరుస ఎంత ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాం. కుటుంబం నేను అనుకున్నది.

విజయవాడలో ఒక రిటైర్డ్ ఉద్యోగి. భార్య ముందే పోయింది. అంతా స్వార్జితం. వీలునామాలో ఇల్లు కూతురికి, మూడెకరాల పొలం పెద్దకొడుకుకి, రూ.10 లక్షల నగదు చిన్నకొడుకుకి, ఇవిపోగా మిగిలింది ముగ్గురికీ సమానం అని రాశాడు. ఎగ్జిక్యూటర్ ఆయన తమ్ముడు. బ్యాంకులో మొత్తం రూ.18 లక్షలుంది.

చిన్నకొడుకు పెద్దకర్మ అయ్యాక, "బాబాయ్, నా పది లక్షలు ఇచ్చేస్తే నేను బెంగళూరు వెళ్లిపోతాను" అన్నాడనుకుందాం. బాబాయి ఇవ్వవచ్చా?

ముందుగా కట్టాల్సింది అంత్యక్రియల ఖర్చు, చివరి రోజుల వైద్యం. పోయినాయన తాహతుకి తగినంత ఖర్చునే చట్టం ఒప్పుకుంటుంది. వెయ్యిమందికి భోజనాలు పెడితే అదంతా ఆస్తిలోంచి తీసుకోవడం కుదరకపోవచ్చు. ఇక్కడ కర్మకాండ రూ.60,000, ఆసుపత్రి రూ.3,40,000. మొత్తం 4 లక్షలు. తర్వాత ప్రొబేట్ తెచ్చుకుంటే దాని ఖర్చు, ఈ లెక్కలో రూ.2 లక్షలు అనుకుందాం. ఆ తర్వాత పోయినాయన దగ్గర చివరి మూడు నెలల్లో పనిచేసినవారి జీతం: ఇంట్లో వంటమనిషికి రూ.16,000 బాకీ. 1925 నాటి చట్టం బ్యాంకు అప్పుకంటే ముందు వంటమనిషిని నిలబెట్టడం నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

ఆ తర్వాతే మిగతా అప్పులు, వాటిలో ఎవరికీ ముందువెనకలు లేవు. పర్సనల్ లోన్ 6 లక్షలు, స్నేహితుడి దగ్గర ప్రోనోటు మీద తెచ్చిన రూ.1,84,000. అన్నీ కలిపితే 14 లక్షలు. బ్యాంకులో మిగిలేది 4 లక్షలు.

ఇప్పుడు చిన్నకొడుకుకి రాసిన 10 లక్షల్లో అందేది 4 లక్షలే. ముగ్గురూ పంచుకోవాల్సిన మిగులు సున్నా. ఇల్లూ పొలం మాత్రం, పేరుపెట్టి ఫలానాది అని రాసినవి కాబట్టి, అప్పులకు వేరే డబ్బు సరిపోయినప్పుడు, కోతపడకుండా కూతురికీ పెద్దకొడుకుకీ చేరతాయి. చిన్నకొడుకుకి అన్యాయం జరిగినట్టు కనిపిస్తుంది, కుటుంబాల్లో గొడవలు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. కానీ అది బాబాయి చేసిన పని కాదు, రాసిన మాటల ఫలితం.

పన్నెండో రోజునే బాబాయి మొహమాటానికి పది లక్షలు ఇచ్చేసి ఉంటే? ప్రోనోటు పట్టుకుని వచ్చిన స్నేహితుడికి కట్టడానికి డబ్బుండదు. చిన్నకొడుకు నుంచి వెనక్కి అడిగే వీలుంది గానీ, తన పొరపాటు వల్ల ఆస్తికి కలిగిన నష్టానికి ఎగ్జిక్యూటర్ సొంత జేబులోంచి జవాబు చెప్పాల్సి రావచ్చు. అందుకే చట్టం ఆయనకి కొంత గడువిచ్చింది: మనిషి పోయిన నాటి నుంచి ఏడాది దాటేవరకు వాటా ఇచ్చి తీరాలని ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేరు. ప్రొబేట్ తీసుకుంటే ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చు కోర్టుకి ఇవ్వాలి.

నామినీ యజమాని కాడు

పై లెక్కలో బ్యాంకు ఖాతాకి నామినీగా పెద్దకొడుకు పేరుందనుకుందాం. బ్యాంకు అతనికే డబ్బిస్తుంది. కానీ అది అతనిది కాదు. నామినీ తీసుకునే చెయ్యి మాత్రమే, హక్కు వీలునామా ప్రకారమో వారసత్వం ప్రకారమో పోతుంది. బీమా విషయంలో 1983లో, బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో, షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బీమాకి మాత్రం 2015 సవరణ ఒక మినహాయింపు తెచ్చింది: తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లకే చెందుతుంది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల వరకు పెట్టుకోవచ్చు.

నామినీయే లేకపోతే? రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం రూ.15 లక్షల వరకు, సహకార బ్యాంకుల్లో రూ.5 లక్షల వరకు, వారసుల మధ్య తగాదా లేకపోతే సులభ పద్ధతిలో ఇచ్చేయాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల గడువు. మా నాన్న తిరిగిన తిరుగుళ్లు ఇవాళ చాలామందికి తప్పుతాయి.

కోర్టుకి వెళితే జరిగేది

ప్రొబేట్ పిటిషన్ జిల్లా కోర్టులో వేస్తారు, హైదరాబాదులో అయితే సిటీ సివిల్ కోర్టులో. మరణ తేదీ, ఇదే చివరి వీలునామా అన్న మాట, ఆస్తుల విలువ అందులో ఉంటాయి. దొరికితే ఒక సాక్షి కూడా దాని మీద ధ్రువీకరించాలి. కోర్టు వారసులకి నోటీసులు పంపుతుంది, సాధారణంగా పేపర్లో ప్రకటన వేయిస్తుంది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే సాక్షి మాట విని ప్రొబేట్ ఇస్తుంది. ఎవరైనా కేవియట్, అంటే అభ్యంతర పత్రం, వేసి కాదంటే అది మామూలు దావాగా మారిపోతుంది, అక్కడ్నుంచి ఏళ్లూ పూళ్లూ పట్టవచ్చు.

ప్రొబేట్ కోర్టు వీలునామా నిజమా కాదా అన్నదే చూస్తుంది. ఆ ఇల్లు అసలు పోయినాయనదేనా, పిత్రార్జితమా అన్నది అక్కడ తేలదు. పిత్రార్జితంలో ఆయన తన వాటా వరకే రాయగలడు. "ప్రొబేట్ వచ్చింది కాబట్టి ఇల్లు మాదే" అనుకుని అన్నదమ్ముల దావాలో ఓడినవాళ్లున్నారు. రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషనూ అంతే. పాస్‌బుక్కులో పేరెక్కడం శిస్తు లెక్కల కోసం, హక్కు పుట్టించడానికి కాదు.

తీసేయడం మంచిదేనా?

మంచిదేనన్నవారి వాదన బలమైనదే. ఒకే దేశంలో, ఒకే చట్టం కింద, చెన్నైలో ఉన్న హిందువుకి ఒక నియమం, పక్కింటి క్రైస్తవుడికి ఇంకొకటి, గుంటూరులో ఉన్న అదే హిందువు బంధువుకి మరొకటి. తగాదా లేని ఇంటివాళ్లు కూడా కోర్టు ఫీజు, లాయరు ఫీజు కట్టి నెలల తరబడి తిరగాల్సి వచ్చేది.

కాదన్నవారి భయమూ తీసిపారేసేది కాదు. ప్రొబేట్ అయిన వీలునామాని లోకమంతా ఒప్పుకోవాల్సిందే. అది లేనప్పుడు ప్రతి బ్యాంకు, ప్రతి హౌసింగ్ సొసైటీ, ఆ ఇల్లు కొనబోయే ప్రతి మనిషి ఆ కాగితాన్ని సొంతంగా నమ్మాలి. పదిహేనేళ్ల తర్వాత ఎవరో దాన్ని సవాలు చేసేనాటికి సాక్షులు ఉండరు.

నాకు అనిపించేది ఇది. తప్పనిసరి తీసేయడం న్యాయమే. కానీ తగాదా వాసన ఉన్నచోట, వదిలేసిన వారసులున్నచోట, ఆస్తి అమ్మాల్సి ఉన్నచోట, సాక్షులు బతికుండగానే ఇష్టపూర్వకంగా ప్రొబేట్ తీసుకున్న కుటుంబం తర్వాత నిశ్చింతగా ఉంటుంది. ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉంది. పిటిషన్‌కి మూడేళ్ల గడువు వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మూడేళ్లని మరణం రోజు నుంచే లెక్కించాలని లేదు, పిటిషన్ వేయాల్సిన అవసరం తలెత్తినప్పటి నుంచి లెక్కిస్తారు. ఆ నాడు ఏదన్నదే మళ్లీ వాదనకి వస్తుంది.

లాయరు ఎవరి మనిషి

ఎగ్జిక్యూటర్ పెట్టుకున్న లాయరు ఎగ్జిక్యూటర్‌కే సలహాదారు, కుటుంబం మొత్తానికీ కాదు. ఆస్తి వ్యవహారం కోసం అయ్యే న్యాయమైన ఖర్చు ఆస్తిలోంచి పోతుంది. ఎగ్జిక్యూటరే వాటాదారు కూడా అయి, తన వాటా కోసం పోరాడితే ఆ ఫీజు తన సొంతం. వీలునామా రాసిపెట్టిన లాయరే సాక్షి సంతకం కూడా పెట్టి ఉంటే, ఆయన రేపు బోనెక్కాల్సినవాడు కాబట్టి అదే కేసు వాదించకూడదు. ఫీజు కట్టలేనివారికి న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం కింద ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. వీలునామాలో తమని వదిలేశారని తెలిసిన ఎందరో అక్కచెల్లెళ్లకి ఈ సంగతి తెలియదు.

విదేశాల్లో ఉన్నవారికి ఇంకో చిక్కు. నాన్న బతికుండగా ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ, మామూలుగా, ఆయనతోనే పోతుంది. దానిమీద తర్వాత చేసిన అమ్మకం నిలవదు. అమెరికాలో 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాకి బెనిఫిషియరీగా పేరున్న మనిషికి ఆ డబ్బు సొంతంగానే చెందుతుంది, కాబట్టి అక్కడి అలవాటుతో ఇక్కడి నామినీని చూస్తే పొరపడతారు. అక్కడి కోర్టులో రుజువైన వీలునామా నకలుని ఇక్కడి కోర్టుకి తెచ్చి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అడగవచ్చు.

మా పెదనాన్న వీలునామా మీద మొదటి సాక్షి అప్పటికే పోయారు. రెండో ఆయన వీధి చివరి తెలుగు మేష్టారు, ఎనభై దాటిన మనిషి. పెద్దమ్మ తరఫువాళ్లు ఒకరిద్దరు గొణుగుతుంటే, తప్పనిసరి కాకపోయినా నాన్న ప్రొబేట్‌కే వేశాడు. వాయిదా రోజు మేష్టారు కర్ర పట్టుకుని ఆటోలో వచ్చారు. జడ్జిగారు కాగితం చూపిస్తే కళ్లద్దాలు తుడుచుకుని, సంతకంలోని అక్షరం మీద వేలు పెట్టి, "ఈ 'శ' నాదే. ఇలా మెలిక తిప్పేది నేనొక్కణ్ణే" అన్నారు. పెదనాన్న ఎదుట తను ఎక్కడ కూర్చుని సంతకం పెట్టారో, ఆ పూట పెద్దమ్మ ఇచ్చిన మజ్జిగతో సహా చెప్పారు. ప్రొబేట్ వచ్చిన ఏడు నెలలకి మేష్టారు పోయారు.